చట్టం ముందా, ఆచారం ముందా?

తెలుగునాట సంఘసంస్కరణ చరిత్రను పరిశీలించేవారు రెండు తేదీలను పక్కపక్కన ఉంచి చూడవలసి ఉన్నది. హిందూ వితంతువుల పునర్వివాహాన్ని చట్టసమ్మతం చేసిన శాసనం 1856లో వచ్చినది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. ఈ రెండింటి నడుమ 25 సంవత్సరాలు గడచినవి. ఆ పాతికేండ్లూ చట్టం పుస్తకంలో ఉన్నది. అట్టి వివాహాన్ని చెల్లదని చెప్పగల న్యాయస్థానం లేదు. లేనివారు వేరు: మంత్రం చెప్పే పురోహితుడు, వంట చేసే మనిషి, మరునాడు ఆ ఇంటి గడప తొక్కే బంధువు. చట్టం అనుమతిని ఇచ్చినది, తెగువను ఇవ్వలేకపోయినది. ఆ తెగువ ఒక ఉపాధ్యాయుని నుండి, ఆయన సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారి నుండి, ధనసహాయం చేసిన కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారి నుండి రావలసి వచ్చినది.

ఈ ఉదాహరణను బట్టి, చట్టం ముందు నడుస్తుందనీ, సంఘం వెనుక మెల్లగా వస్తుందనీ సూత్రీకరించేవారు ఉన్నారు. అయితే ఇందుకు సరిగా విపర్యయంగా నడచిన చరిత్ర కూడ మన దేశంలోనే ఉన్నది. దానికి రంగస్థలం ఛోటా నాగపూర్ అడవుల అంచున, సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట వెలసిన జంషెడ్‌పూరు.

జంషేట్జీ టాటా 1904లో మరణించే నాటికి ఆయన ఉక్కు కర్మాగారం ఒక సంకల్పం మాత్రమే. కంపెనీ 1907లో ఏర్పడినది. సింగ్‌భూమ్ జిల్లాలోని సాక్చీ అనే గ్రామాన్ని స్థలంగా నిర్ణయించుకొని 1908లో నిర్మాణం ఆరంభించినారు. 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మ వెలువడినది. 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డు ఆ ఊరికి జంషెడ్‌పూరు అని నామకరణం చేసినాడు. దగ్గరనున్న కాళీమాటి రైలుస్టేషను టాటానగర్ అయినది. బెంగాల్-నాగపూర్ రైలుమార్గం వెంట దేశం నలుమూలల నుండి పనివారు అక్కడికి చేరినారు. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. బిష్టుపూర్‌లోను, కదమాలోను వారి దేవాలయాలు, సంఘాలు నేటికిని కనిపిస్తాయి.

ఉక్కు వెలువడిన 1912లోనే ఆ కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం అమలులోకి వచ్చినది. ఈ సంగతి విలువ తెలియవలెనంటే నాటి ప్రపంచాన్ని ఒకసారి చూడవలె. అప్పటికి ఒక సంవత్సరం ముందు వచ్చిన 1911 నాటి ఫ్యాక్టరీల చట్టం, బట్టల మిల్లులలో వయోజనులైన పురుషుల చేత దినానికి 12 గంటలు పని చేయించుకొనుటకు అనుమతించినది. అమెరికాలో యునైటెడ్ స్టేట్స్ స్టీల్ కంపెనీ 12 గంటల పనిదినాన్ని విడిచిపెట్టినది 1923లో. మన దేశంలో వారానికి పనిగంటలను 1922 చట్టం 60కి, 1934 చట్టం ఏడాది పొడుగునా నడిచే కర్మాగారాలలో 54కు, 1946 నాటి సవరణ 48కి తగ్గించినవి. 1948 చట్టం ఆ 48ని స్థిరపరచినది. అనగా సాక్చీలో వాడుకలోనున్న నియమం దేశమంతటికీ శాసనరూపంలో అందుటకు మూడున్నర దశాబ్దాలు పట్టినది.

తక్కిన సదుపాయాల కథ కూడ ఇదే తీరుగా నడచినది. కార్మికుల భవిష్యనిధి ఆ కర్మాగారంలో 1920లో ఏర్పడినది; దేశానికి ఆ చట్టం 1952లో వచ్చినది. పనిలో గాయపడినవారికి పరిహారం అక్కడ 1920లో మొదలైనది. చట్టం 1923లో చేసినారు. ప్రసూతి భృతి 1928లో వచ్చినది; కేంద్ర శాసనం 1961 నాటిది. లాభాలలో వాటాగా బోనసు 1934లో ఇచ్చినారు. బోనసు చట్టం 1965 నాటిది. గ్రాట్యుటీ 1937లో మొదలైనది. చట్టం 1972లో వచ్చినది.

ఈ జాబితాను చదివినవారికి ఒక తీర్పు సులభంగా నోటికి వస్తుంది: యజమాని ఉదారుడైతే చట్టంతో పని లేదు అని. చరిత్ర ఆ తీర్పును అంగీకరించదు.

మొదటి కారణం కర్మాగారపు స్వభావంలోనే ఉన్నది. బ్లాస్టు ఫర్నేసు రాత్రింబవళ్లు మండవలసినదే. దానిని ఆర్పి ఇంటికి పోవుటకు వీలులేదు. దినానికి ఉన్న 24 గంటలను పంచుకొనుటకు రెండు జట్లు చాలునా, మూడు జట్లు కావలెనా అనేదే ప్రశ్న. వేసవిలో ఆ వేడిమి ముందు 12 గంటలు నిలువబడిన మనిషి ఎంత కాలం పనికి వస్తాడనేది లెక్క తెలిసిన యజమాని ఎవడైనను ఆలోచించవలసినదే. పైగా అడవి నడుమ వెలసిన ఊరికి దూరప్రాంతాల నుండి పనివారిని రప్పించి నిలుపుకొనవలెనంటే ఇల్లు, ఆసుపత్రి, పాఠశాల కూడ కావలె. జంషేట్జీ దూరదృష్టిని ఈ మాట తక్కువ చేయదు. దయకు అవసరం తోడైనప్పుడే అది నిలుస్తుందని మాత్రం చెబుతుంది.

రెండవ కారణం ఇంతకంటె ముఖ్యమైనది. భవిష్యనిధి, సెలవులు, పరిహారం వచ్చిన 1920వ సంవత్సరమే ఆ ఊరిలో మొదటి పెద్ద సమ్మె జరిగిన సంవత్సరం. ప్రథమ ప్రపంచయుద్ధం ముగిసేసరికి ధరలు పెరిగినవి. జీతాలు వాటిని అందుకొనలేదు. ఫిబ్రవరిలో మొదలైన సమ్మె మార్చి వరకు సాగినది. పోలీసు కాల్పులలో కార్మికులు మరణించినారు. ఆ సమ్మెలోనే జంషెడ్‌పూరు కార్మికసంఘం పుట్టినది. 1922లో మరల సమ్మె వచ్చినది. సంఘాన్ని కంపెనీ గుర్తించుటకు మరి మూడేండ్లు పట్టినది. 1925 ఆగస్టులో మహాత్మాగాంధీ ఆ ఊరు వచ్చినప్పుడు ఆ చిక్కు విడిపోయినది. దీనబంధు ఆండ్రూస్ సంఘానికి అధ్యక్షత వహించినాడు. 1928లో నెలల తరబడి సాగిన సమ్మె, లాకౌటుల అనంతరం సుభాస్ చంద్రబోసు ఒప్పందం కుదిర్చి, తరువాత అనేక సంవత్సరాలు ఆ సంఘానికి నాయకుడుగా ఉన్నాడు.

కార్మికసంఘానికి చట్టరక్షణ ఎందుకు కావలసి వచ్చినదో మద్రాసు నగరం చెబుతుంది. అక్కడి బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల వివాదంలో సంఘ నాయకుడు బి. పి. వాడియాపై యజమానులు హైకోర్టుకు వెళ్లి నిషేధాజ్ఞ తెచ్చుకొన్నారు. పనివారిని కూడగట్టుటయే నేరమయ్యే స్థితి అది. ఆ అనుభవం మీదనే ఎన్. ఎం. జోషి శాసనసభలో పోరాడగా 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చినది. జంషెడ్‌పూరులో గుర్తింపు చట్టం కంటె ఒక ఏడాది ముందు వచ్చిన మాట నిజమే. కాని ఆ గుర్తింపు ఇద్దరు ముగ్గురు మహనీయుల మధ్యవర్తిత్వం మీద నిలిచినది; 1926 తరువాత పనివాని సంఘానికి శాసనం అండ దొరికినది. దయను వేడుకొనవచ్చును, హక్కును అడుగవచ్చును. అడిగినవాడు తల వంచనక్కరలేదు. చట్టం పనివానికి కొత్తగా ఇచ్చినది ఈ నిటారుతనమే.

ఇక్కడ ఒక తెలుగువాని ఆలోచనను స్మరించుట అవసరం. 1894లో బరంపురంలో జన్మించిన వరాహగిరి వేంకటగిరిగారు ఈ బెంగాల్-నాగపూర్ రైలుమార్గం మీదనే కార్మికనాయకుడుగా ఎదిగినారు. 1927లో ఖరగ్‌పూరు రైల్వే సమ్మె వారి జీవితంలో పెద్ద ఘట్టం. స్వాతంత్ర్యానంతరం కేంద్ర కార్మికశాఖ మంత్రిగా ఉండి వారు ఒక విలక్షణమైన వాదం చేసినారు. ప్రతి తగవును నిర్బంధంగా ట్రిబ్యునలుకు అప్పగించే చట్టం సంఘాలను బలహీనపరుస్తుందనీ, కార్మికుడూ యజమానీ ఎదురెదురుగా కూర్చుండి కుదుర్చుకొన్న ఒడంబడికయే నిలుస్తుందనీ వారి అభిప్రాయం. గిరి విధానమని దానికి పేరు వచ్చినది. అది అమలు కాలేదు. అయితే 1954లో, బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు, ఆయన మంత్రిపదవికి రాజీనామా చేసినారు. ట్రిబ్యునళ్లను నమ్మని మనిషే ట్రిబ్యునలు తీర్పు కొరకు పదవిని వదలుకొన్నాడు! ఇందులో వైరుధ్యం లేదు. ఒడంబడికయే మేలు, కాని ఒకసారి చట్టం ద్వారా న్యాయం చెప్పిన తరువాత, బలవంతునికి ఇష్టం లేదని దానిని మార్చరాదు. ఆయన రెండు వాదాలకు మూలం ఒక్కటే. జంషెడ్‌పూరులో 1956లో కంపెనీకిని టాటా కార్మికసంఘానికిని నడుమ, నిర్వహణలో కార్మికుల భాగస్వామ్యాన్ని అంగీకరిస్తూ జరిగిన ఒప్పందం గిరిగారు కోరిన మార్గంలోనిదే. అయినను 1958 మేలో, గుర్తింపు లేని వేరొక సంఘం నాయకత్వాన అక్కడ పెద్ద సమ్మె జరిగినది. ఒడంబడిక కుదుర్చుకొనే బల్ల దగ్గర ఎవరు కూర్చుండవలెననే ప్రశ్న ఆ ఒప్పందంతో తీరలేదు.

ఆ బల్ల దగ్గరకు ఏనాడూ రాని వారిని గురించి కూడ చెప్పక తప్పదు. ఈ ఊరు లేచిన నేల హో, సంతాల్, భూమిజ్ జనుల నేల. కర్మాగారానికి స్థలాన్ని ప్రభుత్వం 1894 నాటి భూసేకరణ చట్టం కింద తీసుకొని కంపెనీకి అప్పగించినది. నిర్మాణం మొదలైన 1908లోనే ఛోటా నాగపూర్ కౌలుదారీ చట్టం కూడ వచ్చినది. బిర్సా ముండా నాయకత్వాన సాగిన తిరుగుబాటు ఫలితమది. బిర్సా 1900 జూన్ 9న రాంచీ జైలులో మరణించినాడు. ముండాల ఖుంట్‌కట్టీ హక్కును గుర్తించి, రైతుల చేతి నుండి భూమి జారిపోకుండ ఆంక్షలు విధించిన శాసనమది. తరువాతి సవరణలు ఆదివాసి భూమి ఆదివాసేతరునికి చేరకుండ కట్టుదిట్టం చేసినవి. ఒకే సీమలో, ఒకే కాలంలో, ఒక చట్టం భూమిని తీసుకొనుటకు దారి చూపినది. మరొకటి భూమిని కాపాడుటకు పూనుకొన్నది. చట్టం సంఘాన్ని ఎటు నడిపిస్తుందని అడిగేవారు మొదట ఏ చట్టమని అడుగవలె.

మన విశాఖ, గోదావరి మన్యాలకు ఈ కథ కొత్తది కాదు. ఏజెన్సీ భూముల బదిలీని కట్టడి చేసే చట్టం 1917లోనే వచ్చినది. 1959 నిబంధన, దానిని గట్టిపరచిన 1970 నాటి సవరణ తరువాత వచ్చినవి. ఒకటిబై డెబ్బది అని గిరిజనులు నోటికి నేర్చుకొన్న చట్టం అదే. 1997లో సమతా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకు ఆధారం ఆ నిబంధనయే. జార్ఖండ్‌లో కూడ 2016లో కౌలుదారీ చట్టాన్ని సడలించే సవరణను శాసనసభ ఆమోదించగా, ఆదివాసులు వీధులలోకి వచ్చినారు. 2017లో గవర్నరు ద్రౌపదీ ముర్ము దానిని తిప్పి పంపినారు. చదువురాని పల్లెవాసులు నూరేండ్లు దాటిన శాసనాన్ని తమ ఇంటి ఆస్తివలె కాపాడుకొన్నారు. ఆ రాష్ట్రం 2000 నవంబరు 15న, బిర్సా జయంతి నాడు ఏర్పడినదనే సంగతి కూడ ఇక్కడ గుర్తుంచుకొనదగినది.

ఆ బల్లకు దూరంగా ఉండిపోయినవాడు మరొకడు ఉన్నాడు. అతడు ఒప్పందకూలి. కర్మాగారం పేరు గల హాజరుపట్టీలో అతని పేరు ఉండదు. కాంట్రాక్టరు పట్టీలో ఉంటుంది. ఎనిమిది గంటల నియమమూ, భవిష్యనిధీ గౌరవంగా అమలైన చోట కూడ ఆ గౌరవం పట్టీ అంచున ఆగిపోగలదు. అందుకొరకే 1970లో ఒప్పందకూలీ క్రమబద్ధీకరణ, నిర్మూలన చట్టం వచ్చినది. అది 20 మంది, ఆపైన కూలీలు ఉన్న చోట వర్తించినది. పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు స్మృతులను పార్లమెంటు 2019, 2020 సంవత్సరాలలో ఆమోదించినప్పుడు ఆ సంఖ్య 50 అయినది. ఒక అంకె మారినంత మాత్రాన, చిన్న కాంట్రాక్టరు కింద 30 మందితో కలిసి పనిచేసే మనిషి చట్టపు గీతకు లోపలి నుండి వెలుపలికి పోగలడు. పత్రికలో అది వార్త కాదు. అతని ఇంటిలో అది సంఘటన.

కాబట్టి చట్టం ముందా, ఆచారం ముందా అనే ప్రశ్నకు రాజమహేంద్రవరం ఒక జవాబు, జంషెడ్‌పూరు ఒక జవాబు చెప్పినవి. మొదటి చోట చట్టం ముందు వచ్చి మనుషుల కొరకు 25 ఏండ్లు వేచి ఉన్నది. రెండవ చోట మనుషులు ముందు నడచి చట్టం కొరకు 30, 40 ఏండ్లు వేచి ఉన్నారు. రెండు చోట్లను ఆ ఎడమును దాటించినది ఎవరో కొందరి పట్టుదల, నష్టానికి సిద్ధపడిన మనస్సు. ఆచారం ఒక ఊరికి చాలును; చట్టం దానిని ఎరుగని ఊళ్లకు కూడ చేరుస్తుంది. చట్టం కాగితం మీద పుట్టగలదు. ఆచారం లేనిదే అది ఇంటిలోకి రాదు.

ఈ ఎడములోనే రచయితకు పని ఉన్నది. కన్యాశుల్కాన్ని అరికట్టుటకు విజయనగర ప్రభువు ఆనంద గజపతి మద్రాసు శాసనసభలో బిల్లు పెట్టినాడు. విశాఖ మండలంలో జరిగిన అట్టి వివాహాల పట్టిక తయారు చేయించినాడు. బిల్లు చట్టం కాలేదు. ఆ పట్టికను నేడు చదివేవారు అరుదు. గురజాడ అప్పారావుగారి నాటకం 1892లో రంగస్థలమెక్కి, 1897లో అచ్చయి, తెలుగు ఇంటింటికీ చేరినది; బిల్లు తేలేని సిగ్గును అది తెచ్చినది. కొలిమి ముందు ఎనిమిది గంటలు నిలిచి హక్కుతో ఇంటికి పోయిన పనివానికి ఒక చరిత్ర ఏర్పడినది. అదే గేటు వెలుపల, పట్టీలో పేరు లేక నిలిచిన మనిషిని చట్టం లెక్కించవలసియే ఉన్నది. అంతవరకు అతనిని లెక్కలోనికి తీసుకొనవలసినది సాహిత్యం.