గాలిపటపు మాటలు



సంక్రాంతి దినములలో బందరు మేడలమీదను, గుడివాడ ప్రాంతపు కోసిన చేలలోను, దివిసీమ కరకట్టలమీదను పిల్లలు గాలిపటములు ఎగురవేయుట మీరెరిగినదే. ఆ గాలిపటముయొక్క అంగములకును, సామగ్రికిని నిలుకడగల పేర్లు కూర్చుట ఎందులకో, అట్టి పనిని మన పూర్వులు ఎట్లు చేసిరో నేడు మనవి చేసెదను.

నేను దివిసీమలో తెలుగు పండితుడనుగా నున్నప్పుడు, 1984వ సంవత్సరమున, ఒక బాలుడు తన వ్యాసములో "గాలిపటమునకు సూత్రము కట్టితిని" అని వ్రాసెను. సూత్రమనగా పాణినిదియో, పెండ్లికూతురి మెడలోనిదియో అని తలచిన నేను ఆ మాటను ఎఱ్ఱసిరాతో కొట్టివేసి "దారము" అని దిద్దితిని. బాలుడు లేచి, "దారం వేరండీ, సూత్రం వేరండీ. పుల్లలకు ముడివేసి, దానికి దారం కడతాం. సూత్రం తప్పితే పటం గిరగిరా తిరిగి పడిపోతుందండీ. మా తాత చెప్పాడు" అనెను. ఆ తాత 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో పోయినాడని పిదప తెలిసినది. వేలకొలది జనులను మ్రింగిన ఆ ఉప్పెన వారితోపాటు ఎన్ని మాటలను గొనిపోయెనో ఎవరు లెక్కింపగలరు? ఒక పిల్లవానియొద్ద మిగిలిన మాటను నేను కొట్టివేసితిని.

బాలుడు చెప్పినదే నిజము. సూత్రపు ముడులను బట్టి పటము గాలికి ఎంత వాలి నిలువవలెనో ఏర్పడును. దారము ఆ పటమును చేతితో కలుపును. రెండింటికి ఒకే పేరు పెట్టినవాడు పని నేర్పలేడు.

అమరసింహుడు తన కోశమును అకారాది క్రమమున గాక వర్గములుగా కూర్చెను. వారివర్గమున నీటితోపాటు నావను, తెడ్డును, చేపలను ఒకచోట చేర్చెను. చిన్ననాడు దానిని వల్లించియు, వర్గము కట్టుటలోని వివేకమును నేను గ్రహింపలేదు. మన కాలమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ఈ దారినే మాండలిక వృత్తిపదకోశమును వెలువరించెను. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయ పదములును, 1971లో చేనేత పదములును వెలువడినవి. పండితుల గ్రంథములనుండి గాక, రైతుల నోటను, నేతగాండ్ర నోటను విని వ్రాసికొన్న మాటలవి. ఏ మాట ఏ ప్రాంతముదో అందు తెలుపబడినది.

ఆ మార్గముననే నేను ఒక నోటుపుస్తకమున గాలిపటపు మాటలను మూడు వర్గములు చేసితిని. సామగ్రివర్గమున వెదురుబద్ద, కొబ్బరియీనె, కాగితము, మెతుకుల జిగురు, నూలుదారము. అంగవర్గమున నిలువుపుల్ల, వంపుపుల్ల, సూత్రము, తోక. క్రియావర్గమున ముడివేయుట, దారము వదలుట, లాగుట. ఒక వస్తువునకు ఒక తలమాట; తక్కిన పేర్లు దానిక్రింద ఊరిపేరుతో నుండును. తెలంగాణమువారి "పతంగి" గాలిపటము క్రింద నుండును గాని కొట్టివేయబడదు. "మాంజా"కు సంస్కృతమున క్రొత్తపేరు కల్పింపను. అంగడిలో నడచు మాటయే తలమాట.

ఇది పండితుల కాలక్షేపమని కొందరనవచ్చును. గాజుపొడి పూసిన నూలుదారము మాంజా. నైలాను దారమును గూడ మాంజా యనియే అమ్మిరి. అది తెగదు, మట్టిలో కలియదు. పక్షుల రెక్కలను, బండిమీద పోవువారి కుత్తుకలను కోసినది. 2017 జూలైలో జాతీయ హరిత ట్రిబ్యునలు అట్టి కృత్రిమ దారమును గాలిపటములకు వాడరాదని దేశమంతట నిషేధించెను. రెండు వస్తువులకు ఒకే పేరున్నచోట నిషేధముగూడ కన్నుగప్పబడును. మనుమడు మాంజా కావలెనన్నప్పుడు "ఏ దారమురా?" అని అడుగుడు. పూత లేని నూలుదారము చాలునని చెప్పుడు.

మీ ఊరిలో ఈ వస్తువులకు ఏ పేర్లు గలవో మీ పిల్లలచేత ఒక కాగితమున వ్రాయింపుడు. మాట ప్రక్కన ఊరిపేరు మరువకుడు. అది నిఘంటువులో లేదని వెనుదీయకుడు. నేను ఆ మాట అని ఒక పిల్లవానిని నొప్పించితిని, మీరట్లు చేయకుడు.

సెలవు.