గనిలోంచి తోటలోకి వచ్చినవాడు

నూనెదీపం వెలుతురు మూరెడు దూరం దాటడం లేదు. పాదాల కింద చల్లటి నీరు. నెత్తి మీద బండ, బండను మోస్తూ అడ్డదుంగలు. ముసలి కార్మికుడు గూటం ఆపి చెయ్యెత్తాడు. పక్కన రాళ్ళు ఎత్తుతున్న కుర్రాడికీ వినిపించింది. టక్. టక్. కాసేపాగి మళ్ళీ టక్.

"తాతా, ఆ పక్క పనివాళ్ళెవరూ లేరు కదా?"

"లేరు. నవ్వొద్దు, తిట్టొద్దు. దీపం పట్టుకుని వెనక్కి నడువు."

"ఎవరు కొడుతున్నారు?"

"చిన్నవాళ్ళు. పైకి పోయాక చెబుతాను, పద."

బొహీమియా కొండల్లోని యోఆకిమ్స్‌టాల్ అనే వెండిగనుల ఊరు అది. 1516లో అక్కడ వెండి దొరికింది. కొన్నేళ్ళకే కొండ కడుపంతా సొరంగాలైంది. ఆ తాతా, ఆ కుర్రాడూ నా ఊహ. ఆ చప్పుడు, ఆ భయం, నవ్వొద్దనే ఆ హెచ్చరిక మాత్రం నా కల్పన కావు. 1527లో ఆ ఊరికి వైద్యుడిగా వచ్చిన గేయోర్గ్ అగ్రికోలా వాటిని రాసిపెట్టాడు. గనుల గురించి ఐరోపాకు పాఠం చెప్పిన పండితుడాయన. 1549లో భూమి లోపలి జీవుల మీద లాటిన్‌లో ఒక చిన్న పుస్తకం వేశాడు. చీకట్లో బతికే జంతువులన్నిటినీ వర్ణించి, చివరికి వచ్చేసరికి ఈ చిన్నవాళ్ళ గురించీ చెప్పాడు.

వాళ్ళ ఎత్తు రెండడుగులు. ముఖం ముసలివాళ్ళది. వేషం గని కార్మికులదే, నడుముకు తోలుగుడ్డతో సహా. ఖనిజం తవ్వుతున్నట్టు, బుట్టల్లోకి ఎత్తుతున్నట్టు కనిపిస్తారు గానీ పని ఒక్కటీ జరగదు. అప్పుడప్పుడు గులకరాళ్ళు విసురుతారు. ఎగతాళి చేసినవాళ్ళకు తప్ప ఎవరికీ హాని చేయరు. ఇవాళ పెరటి పచ్చికలో ఎర్రటోపీతో, తెల్లగడ్డంతో నిలబడే గార్డెన్ గ్నోమ్‌ను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. నాలుగు వందల డెబ్భై ఏళ్ళ కిందటి ఆ వర్ణనలో అతని రూపం దాదాపు అంతా ఉంది. ఆ కోసుగా లేచిన టోపీని ఎవరో చిత్రకారుడు సరదాకు గీశాడనుకుంటాం. నీటిచుక్కల నుంచీ, రాలే పెళ్ళల నుంచీ తల కాచుకోవడానికి జర్మన్ గనివాళ్ళు వేసుకున్న ముసుగుటోపీ అది.

అగ్రికోలా చెప్పినవాళ్ళలో అందరూ మంచివాళ్ళు కారు. అన్నాబెర్గ్‌లో ఒక గనిలో పన్నెండు మందికి పైగా మనుషులను ఊపిరితోనే చంపిన భూతం గురించి కూడా రాశాడు. గాలాడని సొరంగంలో పేరుకున్న విషవాయువే ఆ ఊపిరి అయి ఉంటుంది. కంటికి కనిపించని చావుకు ఆ కార్మికులు ఒక ముఖం, ఒక ఒళ్ళు ఇచ్చుకున్నారు. ఇంకో రకం ఖనిజం వెండిలా మెరిసేది. కొలిమిలో వేస్తే వెండి రాకపోగా ఆర్సెనిక్ పొగ వచ్చి మనుషులను పడేసేది. కోబోల్డ్ అనే గనిభూతం వెండిని ఎత్తుకుపోయి ఈ చెత్త పెట్టిందని తిట్టుకునేవారు. 1730ల్లో స్వీడన్ రసాయనవేత్త గేయోర్గ్ బ్రాంట్ ఆ ఖనిజంలో దాగిన కొత్త లోహాన్ని గుర్తించాడు. ఇవాళ మన ఫోన్ బ్యాటరీల్లో ఉన్న కోబాల్ట్ అదే.

గ్నోమ్ అన్న పేరును చలామణిలోకి తెచ్చింది అగ్రికోలా కాలంవాడే అయిన స్విస్ వైద్యుడు పారాసెల్సస్. నీటికీ, గాలికీ, నిప్పుకూ ఉన్నట్టే మట్టికీ కొందరు జీవులున్నారని, మనం గాలిలో తిరిగినంత తేలిగ్గా వాళ్ళు రాతిలో తిరుగుతారని రాశాడు. ఆయన పోయాక 1566లో ఆ రచన అచ్చయింది. మరుసటి ఏడాదే ఆయనది మరో పుస్తకం వచ్చింది. అది గని కార్మికుల ఊపిరితిత్తుల జబ్బుల మీద. ఒక వృత్తివాళ్ళ రోగాల గురించి అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటి. గ్నోమ్ గురించి రాసిన చెయ్యే గనివాడి దగ్గు గురించీ రాసిందని చదివినప్పటి నుంచి, ఆ బొమ్మను ఉత్త అలంకారంగా చూడడం నాకు చేతకావడం లేదు.

ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్ తగరపు గనుల్లోనూ వీళ్ళున్నారు. అక్కడ వీళ్ళను నాకర్లు అంటారు, తట్టేవాళ్ళు అని. గోడలో చప్పుడైతే మంచి ఖనిజం దగ్గర్లో ఉందని కొందరు, కప్పు కూలబోతోందని కొందరు నమ్మేవారు. తెచ్చుకున్న తిండిలో ఒక ముక్క వాళ్ళకని వదిలిపెట్టేవారు. తగరం గిట్టుబాటు కాక కార్న్‌వాల్ గనివాళ్ళు ప్రపంచమంతా చెదిరిపోయారు. అమెరికా గనులకు తమతోపాటు నాకర్లనూ తీసుకుపోయారు. కోలార్ బంగారు గనులకు వచ్చిందీ వాళ్ళే. చిత్తూరు వైపు నుంచి పొట్టకూటికి వెళ్ళిన మన తెలుగు కూలీలు ఆ గనుల్లో పనిచేసింది అలాంటి మేస్త్రీల కిందే. లంకెబిందెలకు పాము కాపలా ఉంటుందని విని పెరిగిన మనవాళ్ళకు, వెండికి మరుగుజ్జు కాపలా అంటే వింతేమీ ఉండదు.

ఇక ఆ గనివాణ్ణి నేల మీదికి తెచ్చిన మనిషి కథ.

ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌షైర్‌లో లాంపోర్ట్ హాల్ అనే పెద్ద భవంతి ఉంది. దాని యజమాని సర్ చార్లెస్ ఐషమ్, ఆ వంశంలో పదో బారోనెట్. 1819లో పుట్టాడు, ఇరవయ్యేడో ఏట ఆస్తి చేతికొచ్చింది. మాంసం ముట్టడు. ఆత్మలతో మాట్లాడవచ్చని నమ్ముతాడు. వేటకుక్కలూ గుర్రాలే లోకమనుకునే తోటి జమీందార్ల మధ్య ఆయన ఎంత ఒంటరో ఊహించుకోవచ్చు. 1847 ప్రాంతంలో ఇంటిపక్కనే ఒక కృత్రిమ రాతికొండ మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి పేర్చుకుంటూ పోయాడు. అది దాదాపు 24 అడుగుల ఎత్తుకు లేచింది. సందుల్లో మరుగుజ్జు చెట్లు, చిన్న చిన్న గుహలు. జర్మనీలోని నూరెంబర్గ్ నుంచి కాల్చిన మట్టిబొమ్మలు తెప్పించాడు. 21 బొమ్మలని చెబుతారు.

గడ్డిలో చుట్టిన బొమ్మలను ఆయన ఒక్కొక్కటిగా విప్పుతూ, ఏది ఏ గుహ ముందు నిలబడాలో చూసుకుంటూ ఆ రాళ్ళ మధ్య మోకాళ్ళ మీద కూర్చుని ఉంటాడు. వాటిని పూలమొక్కల మధ్య ముద్దుగా పెట్టలేదు. పలుగులూ, తోపుడు బళ్ళూ ఇచ్చి గనిలో పని చేస్తున్నట్టే నిలిపాడు. ఇంకో అడుగు ముందుకు వేసి కొన్నిటిని సమ్మెలో ఉన్నట్టు కూడా చూపాడు. తరతరాల భూస్వామి తన కిటికీ పక్కన సమ్మె కార్మికులకు చోటిచ్చాడన్నమాట! ఆయనకు ఇది ఆట కాదు. గనుల లోపల అలాంటి జీవులు నిజంగా ఉన్నారని, వాళ్ళను చూసినవాళ్ళది మతిభ్రమ కాదని అచ్చువేసి మరీ వాదించాడు. చదువుకున్నవాళ్ళు ఎవరూ చెవిన పెట్టని కార్మికుల మాటను ఆయన విన్నాడు. ఆయన నమ్మకాన్ని నేను పంచుకోలేను గానీ, ఆ వినడం నాకు చాలా పెద్ద సంగతి.

ఇంట్లో మాత్రం ఆ బొమ్మలంటే గిట్టలేదు. 1903లో ఐషమ్ చనిపోయాడు. కూతుళ్ళు ఎయిర్‌గన్‌తో వాటిని గురిచూసి కొట్టారని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. ఎలా పోయినా, కొండ మీద బొమ్మ ఒక్కటీ మిగల్లేదు.

ఈలోగా జర్మనీలో ఇవి ఇంటింటి సరుకయ్యాయి. థురింగియా అడవుల్లో గ్రేఫెన్‌రోడా అనే చిన్న ఊరు. అక్కడ ఫిలిప్ గ్రీబెల్ 1874లో మట్టిపని కార్ఖానా పెట్టాడు. పలచటి బంకమట్టిని ప్లాస్టర్ అచ్చుల్లో పోసి, ఆరబెట్టి, కాల్చి, చేత్తో రంగులు వేసేవారు. అక్కడి నుంచి గ్నోమ్‌లు ఐరోపా అంతటికీ వెళ్ళాయి. ఆ ప్రయాణంలో చేతిలోని పలుగు పోయి గేలం వచ్చింది, నీళ్ళడబ్బా వచ్చింది. 1937లో డిస్నీ స్నో వైట్ సినిమా వచ్చాక బుగ్గలు ఎర్రబడ్డాయి. సిమెంటు, ఆ తర్వాత ప్లాస్టిక్. చవకైన కొద్దీ చిన్నచూపు పెరిగింది. లండన్ చెల్సీ పూల ప్రదర్శనలో ఏళ్ళ తరబడి గ్నోమ్‌లకు ప్రవేశమే ఉండేది కాదు. 2013లో, నూరేళ్ళ సంబరం పేరుతో, ఆ నిషేధాన్ని ఒక్క ఏడాదికి సడలించారు. పేదవాడు తన జానెడు పెరట్లో ఇష్టంగా పెట్టుకున్నదాన్ని అభిరుచి పేరుతో వెలివేయడం నాకు ఏనాడూ నచ్చలేదు.

లాంపోర్ట్ చివరికి పన్నెండో బారోనెట్ సర్ గైల్స్ ఐషమ్ చేతికి వచ్చింది. ఆయన నటుడు. 1935 నాటి అన్నా కెరెనినా సినిమాలో గ్రెటా గార్బోతో పాటు కనిపిస్తాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, పాడుబడిన ఇంటినీ తోటనూ బాగుచేయించడానికి పూనుకున్నాడు. రాతికొండ మీద అల్లుకుపోయిన పిచ్చిమొక్కలు పీకుతుంటే ఒక బండ సందులో ఏదో కనిపించింది. మట్టి దులిపారు. గడ్డం, టోపీ, చిన్న ఒళ్ళు. ఇన్నేళ్ళూ ఎవరి కంటా పడకుండా మిగిలిన ఒకే ఒక్కడు.

అతనికి లాంపీ అని పేరు పెట్టారు. 1976లో గైల్స్ మరణించాక ఆ ఇల్లు ఒక ట్రస్టు చేతికి వెళ్ళింది. సందర్శకులకు ఇప్పుడు లాంపీని భవంతి లోపల చూపిస్తారు. అతని మీద పది లక్షల పౌండ్ల బీమా ఉంది.