కొల్లేటి లంకల్లో ముసలితనం, ఆరోగ్యం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు ఇందులో కలుస్తాయి, ఉప్పుటేరు మిగులునీటిని సముద్రానికి చేరుస్తుంది. ఈ సరస్సు లంకల్లోనూ, చుట్టుపక్కల ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల పల్లెల్లోనూ అరవై దాటినవారి ఒంటి స్థితి వయసు కన్నా వారు చేసిన పనిని బట్టి, తాగిన నీటిని బట్టి, చేతికింద ఉన్న చెరువును బట్టి ఉంటుంది. ఆదాయం, పని, ఇల్లు ఆరోగ్యాన్ని నిర్ణయిస్తాయని మైకేల్ మార్మట్ అధ్యక్షతన ప్రపంచ ఆరోగ్య సంస్థ సంఘం 2008లో చెప్పిన మాటకు ఈ నేల గట్టి సాక్ష్యం.

లంకల్లో ఎక్కువమంది వడ్డి కులస్థులు, దళితులు. 1970ల దశకంలో ప్రభుత్వం వీరి సహకార సంఘాలకు చేపల చెరువులిచ్చింది. పెట్టుబడి లేక చాలా చెరువులు లీజుకు పోయాయి, హక్కున్నవాడే తన చెరువులో కూలీ అయ్యాడు. 1999లో సరస్సును ఐదో కాంటూరు (సమాన ఎత్తు గీత) దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' కింద ఆ అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు తెంచారు. సరస్సు బతకాలంటే అది తప్పనిసరే. కానీ ఆనాడు నడివయసులో పని పోగొట్టుకున్న కూలీలే నేటి ముసలివాళ్ళు.

చేపల పట్టుబడి రోజున చీకటితోనే చెరువులో దిగి, నడుంలోతు నీళ్ళలో వల లాగాలి. ఏళ్ళ తరబడి నానిన కాలివేళ్ళ సందులు చెడతాయి, కీళ్ళు బిగుసుకుంటాయి. ఊడ్పులకు వంగిన ఆడవాళ్ళకు నడుం, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో బస్తాలు మోసిన హమాలీకి మోకాళ్ళు ముందు పోతాయి. ఉద్యోగికి రిటైర్మెంటు ఉంది. వీరికి అది లేదు గనుక నొప్పితోనే పనికి వెళతారు.

చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం నీళ్ళ టిన్ను కొనాలి. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, మత్స్యకారులకు యాభై ఏళ్ళకే వస్తుంది. అందులోంచే టిన్ను, మందులు, మనవడి పుస్తకాలు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఆపరేషన్‌కు ఆదుకుంటుంది. బీపీ, షుగరు బిళ్ళలు ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే అయినా అక్కడికి వెళ్ళిరావడానికి ఒక రోజు కూలి పోతుంది. అందుకే చాలామంది కళ్ళు తిరిగినప్పుడే బిళ్ళ వేసుకుంటారు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరి లంకల రోడ్లు మునిగాయి. అలాంటి రోజుల్లో బిళ్ళలు అయిపోయిన ముసలివారికి పడవే దిక్కు.