రహదారిపై దీపముల మాట

వికారాబాదునుండి ధారూరు మీదుగా తాండూరు చేరు బాట సుమారు 40 కిలోమీటర్లు. ప్రొద్దు గుంకిన తరువాత ఆ బాటపై పెద్దబండ్లదే రాజ్యము. తాండూరు నాపబండలు, సిమెంటు బస్తాలు, కందులు నింపుకొని హైదరాబాదు దిక్కునకు సాగు లారీలు కొన్ని. సరుకు దింపి మరలివచ్చునవి మఱికొన్ని. ఎదురెదురుగా వచ్చు రెండు లారీలలో ఒకదాని డ్రైవరు తన పెద్దదీపము వెలుగును నేలకు దించును. ఆవలివాడును దించును. ఒకరి పేరు ఒకరెఱుగరు, ముఖములు కనబడవు, మాట వినబడదు. అయినను ఇరువురి నడుమ ఒక మర్యాద జరిగినది. మన డ్రైవర్లు దీనిని ‘డిప్పరు కొట్టుట’ అందురు. లారీల వెనుకపలకలపై రాత్రివేళ డిప్పరు వాడుమని పెద్దయక్షరములతో వ్రాయించుకొను అలవాటు మన దేశమంతటను కలదు. చదువురాని డ్రైవరుకూడ ఆ యక్షరముల యర్థము నెఱుగును.

ఈ దీపముల మాట ఎక్కడనుండి వచ్చినది? ఎవరు నేర్పినారు? చట్టమున దీనికి చోటెంత? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకు వికారాబాదు తాండూరు ప్రాంతము మిక్కిలి అనువైనది. ఏలయన, ఇచట రెండు దారులు దగ్గరదగ్గరగా నడచుచున్నవి: ఒకటి ఇనుపదారి, రెండవది లారీదారి. రెండింటను రాత్రివేళ దీపములే మాటలాడును. కాని ఒకదాని భాషకు వ్యాకరణము కలదు, రెండవదానికి లేదు.

మోటారు రాకమునుపు బాటపై దీపమనగా ఎడ్లబండి క్రింద, ఇరుసు ప్రక్కన వ్రేలాడు లాంతరు. అది దారి చూపుటకంటె, ఇచట బండి యున్నదని ఇతరులకు తెలుపుటకే యెక్కువగా పనికివచ్చెడిది. దారి ఎద్దులకు తెలియును. బండివాడు నిద్రపోయినను అవి ఊరు చేర్చును. అటులనే లాంతరు ఊగుచుండినచో బండి నడచుచున్నదనియు, నిలకడగా నున్నచో ఆగినదనియు దూరమునుండి పోల్చుకొనవచ్చును.

హైదరాబాదునుండి వాడి వఱకు ఇనుపదారి 1874వ సంవత్సరమున తెఱవబడినది. మొదటి సాలార్‌జంగు దివానుగా నున్న కాలమది. వాడి వద్ద బొంబాయి మద్రాసు మార్గముతో కలియు ఈ దారిపైననే వికారాబాదు, ధారూరు, తాండూరు స్టేషనులు ఉన్నవి. (వికారాబాదు పేరు పాయెగా ప్రభువగు వికారుల్ ఉమరా పేరిట వచ్చినది.) ఈ దారితో మన పల్లెలకు ఒక క్రొత్త దీపము వచ్చినది: ఎఱ్ఱ, ఆకుపచ్చ, తెల్ల వెలుగులను ఒకదాని తరువాత ఒకటి చూపగల చేతిలాంతరు.

రైలు దీపముల నియమములను చదివినచో వాని స్పష్టత ఆశ్చర్యము గొలుపును. ఆకుపచ్చదీపమును కదలక పట్టినచో ‘పొమ్ము’. దానినే పైకిని క్రిందికిని ఆడించినచో ‘మెల్లగా’. ఎఱ్ఱదీపము ‘ఆగుము’. ఎఱ్ఱదీపము చేతికందనిచో తెల్లదీపమునైనను దేహమున కడ్డముగా వేగముగా ఊపవలెను. అదియును ‘ఆగుము’ అనియే యర్థము. స్టేషనులో ఆగక పోవు బండికి స్టేషను సిబ్బంది ఆకుపచ్చ చూపుదురు. ఇంజనునుండియు, గార్డు పెట్టెనుండియు బదులు రావలెను. ‘అంతయు సరిగా నున్నది’ అని చెప్పుకొను ఈ సంజ్ఞ చూచుటకు నమస్కారమువలె నుండును గాని, అది నమస్కారము కాదు, విధి. గార్డు అను పేరు 2022వ సంవత్సరమున ‘ట్రైన్ మేనేజరు’గా మారినది, పేరు మారినను చేతిలోని దీపము మాటాడు భాష మారలేదు.

ఇంకొక విశేషము. జంటమార్గముపై ఎదురుగా వేఱొక బండి వచ్చుచున్నపుడు ఇంజను పెద్దదీపమును మందగింపజేయవలెనని రైలు నియమములలోనే కలదు. లారీడ్రైవరు మర్యాదకొఱకు చేయు పనిని ఇంజనుడ్రైవరు నియమముచే చేయుచున్నాడు.

ఈ స్పష్టత ఊరక రాలేదు. ఇంగ్లండులో తొలిదినములలో తెల్లదీపమే ‘దారి నిరపాయము’ అను గుర్తు. ఆకుపచ్చ అనగా జాగ్రత్త. తెలుపుతో చిక్కేమనగా, ఎఱ్ఱగాజు పగిలినచో ఆ దీపమే తెల్లగా కనబడును! ‘ఆగుము’ అనవలసిన దీపము ‘పొమ్ము’ అనును. ఊళ్లు పెరిగి వీథిదీపములు, ఇంటిదీపములు హెచ్చినకొలది ఏది రైలుదీపమో ఏది కాదో తెలియని స్థితియు వచ్చినది. 1876వ సంవత్సరమున ఆబట్స్ రిప్టన్ వద్ద మంచుచేత సిగ్నలు చేతులు గడ్డకట్టి జరిగిన ఘోరప్రమాదము తరువాత సంజ్ఞలపై లోతైన విచారణ సాగినది. ఆ శతాబ్దపు చివరకు తెలుపును విడిచి ఆకుపచ్చను ‘పొమ్ము’ అను అర్థమున వాడుట స్థిరపడినది. ఒక దీపమునకు ఒకే యర్థము ఉండవలెనన్న పాఠమును రైలువారు ప్రాణములు చెల్లించి నేర్చుకొనిరి.

ఇక మోటారుదారి. 1932వ సంవత్సరమున నిజాము రాష్ట్ర రైల్వేవారు రోడ్డు రవాణాశాఖను నెలకొల్పి 27 బస్సులతో ప్రయాణికులను చేర్చసాగిరి. ఇనుపదారి నడిపినవారే బస్సులును నడిపిరన్నమాట. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాదు బస్‌భవనము వద్ద భద్రపఱుపబడినది. ఆ బస్సుల కాలమున డ్రైవరుకు పగటిపూట దీపముకంటె చేయియే ముఖ్యమైన సాధనము. 1939వ సంవత్సరపు మోటారువాహనముల చట్టము చేతిసంజ్ఞలను నిర్దేశించినది. కుడిచేతిని బయటికి చాచి అరచేయి ముందుకు త్రిప్పినచో కుడివైపునకు మఱలుచున్నాడని యర్థము. అరచేయి క్రిందికి ఉంచి చేతిని మెల్లగా ఎత్తి దించినచో వేగము తగ్గించుచున్నాడు. చేతిని చాచి వెనుకనుండి ముందుకు అర్ధచంద్రాకృతిగా ఊపినచో వెనుకనున్నవానిని దాటిపొమ్మనుచున్నాడు. దీనినే మనవారు ‘సైడు ఇచ్చుట’ అనిరి. శ్రోతలు ఈ సంజ్ఞను గుర్తుంచుకొనవలెను. కథ దీనిచుట్టును తిరుగును.

దీపమును దించు సాధనము అంతకుముందే వచ్చినది. ఒకే బల్బులో రెండు తీగెలు అమర్చి, ఒకటి దూరమునకు, రెండవది దగ్గరకు వెలుగునట్లు చేసిన దీపములు 1924వ సంవత్సరమునకు జర్మనీలో తయారైనవి. మఱలుటను తెలుపుటకు కొన్ని కార్లకు ప్రక్కలనుండి పైకిలేచు చిన్నచేతులు ఉండెడివి; అవి రైలు సిగ్నలు చేతికి పిల్లలవలె నుండెడివి. పిమ్మట మినుకుమను ప్రక్కదీపములు, అనగా ఇండికేటర్లు, వానిని త్రోసివేసినవి. 1954వ సంవత్సరమున జంషెడ్‌పూరునుండి టాటావారి మెర్సిడిస్ బెంజి లారీలు వెలువడసాగినవి. 1955 నుండి అశోక్ లేలాండు అను పేరు మద్రాసునుండి వినవచ్చినది. దూరప్రయాణములు పెరిగినవి, రాత్రిప్రయాణములు పెరిగినవి. హెడ్‌లైటు పైసగమునకు నల్లరంగు పూయుటయు మనవారి ఉపాయమే. అందము మాట యెట్లున్నను, ఎదుటివాని కంటికి అది కొంత ఉపశమనము.

చీకటిలో చేయి కనబడదు. డ్రైవరు చేయి ఇండికేటరులోనికి ప్రవేశించినది. ఇచటనే చిక్కు ఆరంభమైనది. కుడిచేతిని ఊపి ‘దాటిపొమ్ము’ అను అలవాటుగల డ్రైవరు, రాత్రివేళ చేతికి బదులు కుడి ఇండికేటరును మినుకుమనిపించి అదేమాట చెప్పసాగెనని మా ఊహ. మన దారులలో నేటికిని అనేకులు అటులే చేయుచున్నారు. కాని చట్టమున కుడి ఇండికేటరునకు అర్థమొక్కటే: ‘నేను కుడివైపునకు వచ్చుచున్నాను’. ఇందుకు విరుద్ధముగా, ‘దాటవలదు, ఎదుట బండి యున్నది’ అని చెప్పుటకు కుడిదీపమును, ‘దాటుము’ అనుటకు ఎడమదీపమును వాడు డ్రైవర్లును కలరు. ఒక దీపము, మూడు అర్థములు. అందులో రెండు పరస్పర విరుద్ధములు. లారీ వెనుక పోవు చిన్నకారువాడు ఏ యర్థమును నమ్మవలెను? నమ్మి కుడివైపునకు తప్పుకొన్నపుడే లారీ నిజముగా కుడివైపు పొలములబాటకు మఱలినచో?

హెడ్‌లైటు మినుకుకును ఇదే గతి. బ్రిటనులో రహదారి నియమావళి మొదట 1931వ సంవత్సరమున వెలువడినది. దీపమును మినుకుమనిపించుట ‘నేనిచట ఉన్నాను’ అని తెలుపుటకే తప్ప వేఱొకందులకు కాదని నేటి నియమావళి చెప్పుచున్నది. అయినను అచటి లారీడ్రైవర్లు తమను దాటిన లారీ తోక పూర్తిగా ముందుకు పోయినదని తెలుపుటకు ఒకమారు దీపము వెలిగింతురు. దాటినవాడు ఇండికేటర్లను కుడియెడమలుగా వెలిగించి కృతజ్ఞత తెలుపును. నలువది అడుగుల బండిని నడపువానికి అద్దములో తన తోక ఎచట నున్నదో రాత్రివేళ తేలికగా తెలియదు; కనుక ఇది వట్టి మర్యాద కాదు, ఉపకారము. అచట ‘నీవు ముందు పొమ్ము’ అని దారియిచ్చుటకును దీపమును మినుకుమనిపింతురు. మన దేశమున ఎదుటివాడు దీపము మినుకుమనిపించినచో ‘నేను వచ్చుచున్నాను, నీవు ఆగుము’ అని గ్రహింపవలెను. లండనులో బండి నడపి వచ్చిన మన బంధువు ఇరుకైన వంతెన వద్ద ఈ తేడా నెఱుగక ముందుకు సాగినచో ఏమగునో చెప్పనక్కఱలేదు.

మర్యాద అనునది ఇరువురికిని ఒకే భాష తెలిసినపుడే మర్యాద. లారీడ్రైవర్ల నడుమ ఆ భాష చాలవఱకు తెలిసినదే. క్లీనరుగా ఎక్కి, ఎడమతలుపు వద్ద నిలిచి చేయి ఊపుచు, కొన్నియేండ్లకు స్టీరింగు పట్టినవాడు దానిని గురుముఖమున నేర్చినవాడే. నేడు బాటపై నున్నవారిలో పెక్కుమంది అట్లు నేర్చినవారు కారు. నాలుగు ఇండికేటర్లను ఒకేసారి వెలిగించి కూడలిలో తిన్నగా పోవుచున్నామని చెప్పు క్రొత్త అలవాటొకటి బయలుదేరినది. ప్రక్కనుండి చూచువానికి ఒకవైపు దీపమే కనబడును. అతడు దానిని మఱలుటకు గుర్తుగా గ్రహించును. ఇంతకంటె అనర్థకమగు సంజ్ఞను మేమెఱుగము.

చట్టము ఈ విషయమున పూర్తిగా మౌనము వహింపలేదు. 1989వ సంవత్సరపు కేంద్ర మోటారువాహనముల నియమములు, దీపమునకు 8 మీటర్ల ఎదుట, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున నున్న కంటికి వెలుగు చీకట్లు గ్రమ్మింపరాదని చెప్పుచున్నవి. 2017వ సంవత్సరమున డ్రైవింగు నియమములు క్రొత్తగా ప్రకటింపబడినవి. కాని లారీడ్రైవర్లు తమలో తాము చెప్పుకొను ‘దాటుము’, ‘దాటకుము’ అను ఇండికేటరు మాటలకు చట్టమున చోటు లేదు.

ఈ ప్రాంతమువారికి ఇది దూరపుమాట కాదు. హైదరాబాదునుండి మొయినాబాదు, చేవెళ్ల, మన్నెగూడల మీదుగా పరిగి, కొడంగల్ దిక్కునకు పోవు 163వ జాతీయరహదారికి ఇరుప్రక్కల పెద్దమఱ్ఱిచెట్లు గొడుగు పట్టుచున్నవి. చెట్లను కాపాడుచు దారిని వెడల్పు చేయుట యెట్లన్న వాదము ఏండ్లతరబడి సాగినది. 2025 నవంబరు 3వ తేదీ ఉదయమున తాండూరునుండి హైదరాబాదునకు పోవుచున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల సమీపమున మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు ఢీకొనగా 19 మంది మరణించిరి. అది పగటివేళ జరిగినది. దీపముల ప్రసక్తి అందు లేదు. కాని అటువంటి బాటపై ఎదురెదురుగా వచ్చు రెండు పెద్దబండ్ల నడుమ ఎంత చోటుండునో తెలిసినవారికి, రాత్రివేళ ఒక్క మినుకును అపార్థము చేసికొనుట యెట్టిదో విడమఱచి చెప్పవలసిన పనిలేదు.

దీపములు లేని సంజ్ఞ యొకటి మిగిలినది. దారిలో ఇరుసు విఱిగి లారీ నిలిచిపోయినపుడు, ఎఱ్ఱని త్రికోణఫలకము లేని డ్రైవరు చెట్టుకొమ్మలు విఱిచి వెనుక పఱచును. కొంతదూరమున రాళ్లు పేర్చును. ఆ దిక్కునుండి వచ్చు లారీవాడు ఎదురైన ప్రతి బండికిని దీపము మినుకుమనిపించి, ముందున్న ఆపదను తెలుపుచు పోవును. తెల్లవాఱుసరికి బండి బాగుపడి వెడలిపోవును. రాళ్లు మాత్రము బాటమీదనే యుండును. అవి రెండవ రాత్రి ఎవరి చక్రము క్రింద పడునో వానిని పేర్చినవాడు తలపడు. రాళ్లను తొలగించి కాని బండి నెక్కని డ్రైవర్లును ఉన్నారు.