మన్ను లేని సేద్యము: దాని పూర్వచరిత్ర

మన్ను లేకయే కూరగాయలు పండునను మాట ఇప్పుడు పల్లెలలో సైతము వినవచ్చుచున్నది. నీటిలో కొన్ని లవణములను కలిపి, ఆ నీటిలో వేళ్లు నానునట్లు మొక్కలను నిలిపినచో టొమేటోలు, ఆకుకూరలు ఏపుగా పెరుగునని చెప్పుదురు. ఈ పద్ధతికి హైడ్రోపోనిక్సు అని పేరు. దీనిని విన్నవారిలో కొందరు ఇది గారడి యందురు. మరికొందరు ఇదియే రేపటి సేద్యము, ఇక భూమితో పనిలేదందురు. ఈ రెండు మాటలును సరికావని నా అభిప్రాయము. ఆ నీరు ఎట్లు పుట్టినదో తెలిసికొన్నవానికి అందులో నిజమెంతయో, అతిశయోక్తి యెంతయో తేటపడును. కావున నేడు ఆ చరిత్రను మీకు మనవి చేసెదను.

మొక్క యేమి తినును? ఈ ప్రశ్నకు మన పెద్దలు మాటలతో గాక పనితో బదులు చెప్పిరి. పేడయెరువు తోలిరి, వేసవిలో చెరువు ఒండ్రు త్రవ్వి మడులలో నింపిరి, పాత ఊరి దిబ్బలనుండి పాటిమన్ను బండ్లకెత్తి పొలమునకు చేర్చిరి. అట్టి మట్టిని నీట కడిగి, ఆ నీటిని కాచి, సురేకారమును తీయుటయు ఈ దేశమున పూర్వమునుండి యున్న పనియే. బాణసంచాలో మండు ఉప్పును, పైరును పెంచు సత్తువయు ఒకే దిబ్బలో నుండుట కాకతాళీయము కాదు. ఆ సంగతి ముందు తెలియగలదు.

ఐరోపాలో ఈ ప్రశ్నను త్రాసు పట్టుకొని అడిగినవాడు వాన్ హెల్మాంటు. ఆయన ఒక పెద్ద కుండలో 200 పౌనుల ఎండిన మన్ను పోసి, 5 పౌనుల తూకముగల చిన్న విల్లో మొక్కను నాటెను. 5 సంవత్సరములు నీరు తప్ప మరియేమియు పోయలేదు. పిమ్మట తూచిచూడగా చెట్టు 169 పౌనుల 3 ఔన్సులయ్యెను. మన్ను మాత్రము సుమారు 2 ఔన్సులు తగ్గెను. చెట్టంతయు నీటినుండియే పుట్టినదని ఆయన నిశ్చయించెను. ఆయన గతించిన తరువాత 1648లో ఈ పరీక్ష అచ్చుపడినది. తూకము సరియైనదే గాని తీర్పు సరికాదు. చెట్టు గాలినుండి గ్రహించినది ఆయనకు తెలియదు. ఆ 2 ఔన్సుల మన్ను ఎచ్చటికి పోయెనని ఆయన యడుగలేదు. మన కథయంతయు ఆ 2 ఔన్సులలోనే యున్నది.

ఆ శతాబ్దముననే జర్మనీ రసాయనికుడు గ్లాబరు పశువుల కొట్టములలోని మట్టినుండి సురేకారమును తీసి, దానిని పైరునకు వేసి, అది వృద్ధినొందుట కనుగొనెను. 1699లో ఇంగ్లండున వుడ్వర్డు అనునాతడు పుదీనా జాతి మొక్కలను ఉత్త నీటిలో పెంచెను. ఒక సీసాలో వాననీరు, ఒకదానిలో థేమ్సు నదినీరు, మరియొకదానిలో తోటమన్ను కలిపిన నీరు పోసెను. వాననీటిలోని మొక్క కంటె నదినీటిలోనిదియు, మన్ను కలిపిన నీటిలోనిదియు ఎక్కువ పెరిగెను. నీరొక్కటియే ఆహారమైనచో ఈ భేదమేల? నీటిలో కరగియున్నది మరియేదియో మొక్కను పోషించుచున్నదని దీనివలన తేలినది.

ఆ మరియొకటి యేమి? 1804లో ద సొస్యూరు అను స్విట్జర్లాండు పండితుడు మొక్క గాలినుండి బొగ్గుపులుసు వాయువును, నేలనుండి నీటిని, నత్రజనిని, కొద్దిపాటి లవణములను గ్రహించునని చూపెను. 1840లో జర్మనీ పండితుడు లీబిగు తన గ్రంథములో పైరునకు ఖనిజ లవణములే యాధారమని గట్టిగా వాదించెను. కావలసిన పదార్థములలో ఏది తక్కువయో దానినిబట్టియే పంట యుండును; తక్కిన వెన్ని కుప్పలు పోసినను లాభము లేదు. అంతకుముందే స్ప్రెంగెలు చెప్పిన ఈ నియమము లీబిగు వలన లోకమునకెల్ల తెలిసినది.

అయినను లవణములే చాలునా, లేక మట్టిలో మరియే గుణమైనను కలదా యను సందేహము తీరవలెను. అది తీరుటకు మట్టిని పూర్తిగా తొలగించి చూడవలెను గదా! 1860లో జర్మనీ వృక్షశాస్త్రజ్ఞుడు సాక్సు ఆ పనియే చేసెను. లవణములు కరగించిన నీటిలో వేళ్లుంచి మొక్కలను పెంచెను. 1865లో క్నాపు అను మరియొక జర్మను పండితుడు సులభమైన పాళ్లు కూర్చెను: కాల్షియం నైట్రేటు 4 పాళ్లు, సురేకారము 1 పాలు, పొటాషియం ఫాస్ఫేటు 1 పాలు, భేదియుప్పు అనబడు మెగ్నీషియం సల్ఫేటు 1 పాలు, వానితో లేశమాత్రమైన ఇనుము. మన పాటిదిబ్బలోని సురేకారము ఇచ్చట తన పేరుతోనే కనబడుచున్నది. ఇది వంటకు చెప్పిన పాళ్లు కాదు, ప్రశ్న అడుగుటకు చేసిన పనిముట్టు. ఒక్కొక్క లవణమును తీసివేసి చూచినచో, అది లేని మొక్కకు ఏ రోగము వచ్చునో కన్నులార చూడవచ్చును.

క్నాపు పాళ్లతో పెరిగిన మొక్కలు ఆరోగ్యముగా నుండుటకు ఆనాడెవరికిని తెలియని కారణము మరియొకటి కలదు. అప్పటి లవణములు మలినములు. ఆ మాలిన్యములోనే మొక్కకు కావలసిన సూక్ష్మధాతువులు దాగియుండెను. లవణములను శుద్ధి చేయుట నేర్చిన పిదప మొక్కలు జబ్బుపడసాగెను. అప్పుడు గాని వాని యవసరము బయటపడలేదు. బోరాను లేనిదే చిక్కుడు జాతి మొక్క బ్రదుకదని 1923లో ఇంగ్లండున కాథరీన్ వారింగ్టను అను విదుషీమణి నిరూపించెను. 1926లో తుత్తునాగపు టవసరము, 1939లో మాలిబ్డినము టవసరము తెలిసివచ్చెను.

ఇంతవరకు ఇది పండితుల గదులలోని విద్య. దీనిని బజారునకు తెచ్చినవాడు అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున నుండిన గెరికె. ఈ విధముగా పంటలనే పండింపవచ్చునని ఆయన 1929లో ప్రకటించెను. 25 అడుగుల యెత్తు ప్రాకిన టొమేటో తీగలను చూపెను. 1937లో హైడ్రోపోనిక్సు అను పేరు వాడుకలోనికి వచ్చెను. పత్రికలు దీనిని గొప్పగా పొగడెను. ఇక నేలతో పనిలేదు, ఇంటి డాబాపైననే కుటుంబమునకు చాలిన పంట పండునని ప్రచారము బయలుదేరెను. లవణముల పొట్లములను, తొట్లను అమ్ముకొనువారు పుట్టుకొనివచ్చిరి.

ఇందులోని నిజానిజములను పరీక్షించినవారు ఆ విశ్వవిద్యాలయముననే యున్న హోగ్లండు, ఆర్నను అను ఇరువురు. 1938లో వారు ఒక చిన్న పుస్తకమును ప్రకటించిరి. మంచి మన్ను, ఇసుక, లవణపు నీరు అను మూడింటిలోను టొమేటోలను సమానమైన ఎడముతో, సమానమైన శ్రద్ధతో పెంచి చూచినప్పుడు నీటికి ప్రత్యేకమైన ఆధిక్యము కనబడలేదని వారు వ్రాసిరి. కాయల రుచిలోను, పోషణగుణములోను గొప్ప భేదము లేదు. ఎండ, వేడిమి, విత్తనము, జాగరూకత ఎట్టివో పంట యట్టిది. ఈ తీర్పు చెప్పిన పుస్తకములోనే వారు తమ ద్రావణపు పాళ్లను దాచక అందరికిని తెలిపిరి. నేటికిని ప్రపంచమంతట విద్యార్థులు వాడుకొనునది ఆ పాళ్లనే. అతిశయోక్తిని ఖండించి, విద్యను మాత్రము ఉచితముగా పంచిన ఈ రీతి నాకు మిక్కిలి గౌరవింపదగినదిగా తోచును.

ఆ పాళ్లను మన కొలతలలో చెప్పెదను. 100 లీటర్ల నీటికి కాల్షియం నైట్రేటు 118 గ్రాములు, సురేకారము 50 గ్రాములు, భేదియుప్పు 49 గ్రాములు, మోనో పొటాషియం ఫాస్ఫేటు 13½ గ్రాములు. అన్నియు కూడిన పావుకిలో కూడ కాదు! లేతమొక్కలకు ఇందులో సగము చాలును. నేడు ఇవి ఎరువుల అంగళ్లలో నీట కరగు ఎరువులుగా దొరకుచున్నవి. ఇక సూక్ష్మధాతువులు. మైలుతుత్తము 100 లీటర్లకు గ్రాములో నూరవ వంతు కంటె తక్కువ కావలెను. దానిని ఏ త్రాసుతో తూచుదుము? 8 గ్రాముల తుత్తమును 1 లీటరు నీటిలో కరగించి, అందుండి 1 మిల్లీలీటరు మాత్రము తీసికొన్న సరిపోవును. ఎక్కువైన అదే విషము. తుత్తమును, సురేకారమును పిల్లలకు అందనిచోట దాచవలెను.

కలుపుటలో ఒక వరుస కలదు. కాల్షియమును గాఢముగా నున్నప్పుడు భేదియుప్పుతో గాని, ఫాస్ఫేటుతో గాని కలుపరాదు. కలిపినచో రెండును కూడి సున్నమువంటి తెల్లని మడ్డి యేర్పడి అడుగునకు దిగును. మొక్కకు అది అందదు, డబ్బు వృథా. కావున తొట్టిలో ముందు నీరు నింపి, ఒక్కొక్క లవణమును వేరువేరు చెంబులలో కరగించి, కలియబెట్టుచు పోసి, కాల్షియం నైట్రేటును కడపట పోయవలెను. ఇనుము కూడ పూర్వము ఇట్లే విరిగి అడుగునకు చేరి, లేత ఆకులు పాలిపోయెడివి. 1951లో ఇ.డి.టి.ఏ. అను పదార్థముతో ఇనుమును కట్టియుంచు ఉపాయము తెలిసిన పిదప ఆ చిక్కు తీరినది. నీటి పులుపు 5½కును 6½కును నడుమ నుండవలెను. ఎండ తగిలిన నీటిలో పాచి పట్టును గనుక తొట్టిని మూయవలెను. వేళ్లకు గాలియు కావలెను. ఉప్పుబావి నీరు దీనికి పనికిరాదు.

ఇంత జాగ్రత్త యెందులకని మీరడుగవచ్చును. సారవంతమైన మన్ను ఎరువు ఎక్కువైన కొంత తనలో దాచుకొనును, తక్కువైన కొంత విడుచును. దానిలోని కోటానుకోట్ల సూక్ష్మజీవులు పేడను, ఆకును కుళ్లించి లవణములుగా మార్చును. అచ్చట తప్పిన చేతిని నేల సవరించును. నీటికి ఆ శక్తి లేదు. తూకములో పొరపాటు చేసినచో కొలది దినములలో ఆకు చెప్పును. పంపు ఒకపూట ఆగినచో వేళ్లు వాడును.

మరి ఈ విద్య యెచ్చట అక్కరకు వచ్చినది? నేల లేనిచోట. పసిఫిక్కు సముద్రములోని వేక్ అను పగడపు దీవిలో, విమానములు దిగు విడిదివద్ద, 1938 ప్రాంతమున ఇట్లు కూరలు పండించిరి. రెండవ ప్రపంచయుద్ధపు చివర, 1945లో, అట్లాంటిక్కు సముద్రములోని అసెన్షను అను అగ్నిపర్వతపు దీవిలో అమెరికా సైనికులకు పచ్చికూరలు దీనివలననే లభించెను. మన దేశమునను 1946 మొదలు బెంగాలులో, డార్జిలింగు ప్రాంతపు కాలింపాంగువద్ద షోల్టో డగ్లసు అనునాతడు పరీక్షలు సలిపెను. ఖరీదైన యంత్రములు లేకుండ, రాతిముక్కలు ఇసుక నింపిన మడులలో లవణపు పొడిని చల్లి నీరు పోయు సులభపద్ధతిని ఏర్పరచి, 1951లో బెంగాలు పద్ధతి యను పేరుతో గ్రంథమును వెలువరించెను. పేదవాని కందవలెనను తలంపు అందున్నది.

కావున పెద్దలకు నా మనవి యిది. మీ యూరి యువకుడెవడైనను పెరటిలో ఒక తొట్టి పెట్టి, రెండు బుట్టల ఆకుకూర పండించుకొందునన్నచో ప్రోత్సహింపుడు. వానికి తూకము నేర్చును, మొక్క యాహారము కన్నులకు కట్టును. ఆ జ్ఞానము తిరిగి పొలములో ఎరువు వేయునప్పుడును పనికివచ్చును. అయితే ఎవరైనను వచ్చి, అప్పుచేసి పెద్ద షెడ్డు కట్టుడు, మన్నులో కంటె పదిరెట్లు పండునని చెప్పినచో, నాలుగు ప్రశ్నలడుగుడు. కరెంటు పోయిన పూట గతి యేమి? నీటిలో ఉప్పెంత? ఈ కూరను కొనువారెవరు? మన పొలములో అంతే శ్రద్ధతో పెంచిన పైరుతో దీనిని పోల్చి చూచితిరా? ఈ కడపటి ప్రశ్నను 1938లో హోగ్లండు, ఆర్ననులు అడిగిరి. బదులు దొరకునంతవరకు పత్రముపై వ్రాలు చేయింపకుడు.