బందరు తీర ప్రవాహం: కొలత, అవగాహన

కృష్ణా డెల్టా ముంగిట బంగాళాఖాతపు నీరు ఏడాది పొడవునా ఒకే దిక్కుకు సాగదు. ఫిబ్రవరి నుంచి మే వరకు తీరం వెంట ఈశాన్యానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నైరుతికి పారుతుంది. శాస్త్రజ్ఞులు తూర్పు భారత తీర ప్రవాహమని వ్యవహరించే ఈ ధారను కొలిచే ప్రయత్నాల చరిత్రలో బందరుకు, అనగా మచిలీపట్నానికి, విశిష్టమైన స్థానం ఉంది.

1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం నెలకొల్పిన నాటికే మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. అక్కడి నుంచి బర్మాలోని పెగూ, సుమత్రాలోని అచ్చే వంటి రేవులకు పోయే ఓడలు సాధారణంగా సెప్టెంబరు ప్రాంతంలో బయలుదేరి, ఏప్రిల్ నాటికి తిరిగివచ్చేవి. గాలి జాడ తెరచాపలోనే తెలిసేది గాని, అడుగున కదిలే నీటి జాడ తెలిసేది కాదు. ఓడ వేగం తెలుసుకోవడానికి ముడులు వేసిన తాడుకు చెక్కముక్క కట్టి నీట వదిలి, ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా చేజారిన ముడులను లెక్కించేవారు. అయితే ఆ చెక్క కూడా ప్రవాహంతోపాటే కదిలేది కనుక, ఆ వేగాన్ని బట్టి లెక్కకు వచ్చిన స్థానానికీ సూర్యచంద్ర నక్షత్రాలను బట్టి తేలిన స్థానానికీ మధ్య మిగిలిన తేడాయే ప్రవాహానికి కొలత అయింది. 18వ శతాబ్దిలో రేఖాంశాన్ని నిర్ణయించే ఓడ గడియారాలు వచ్చాకనే ఈ తేడా నమ్మదగినదైంది.

ఓడల లెక్కలు నీటి పైపొర కదలికనే చెప్పగలవు. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్, ఇక్కడివారితో కలిసి లోతుల్లోని ఉష్ణోగ్రతను, లవణీయతను పరిశీలించి, వసంతంలో తీరం దగ్గర లోపలి చల్లని నీరు పైకి వస్తుందనీ, శరత్తులో పైనీరు కిందికి దిగుతుందనీ వివరించారు.

కొలత కంటే కారణం తెలియడం మరింత ఆలస్యమైంది. నైరుతి ఋతుపవనాలు రాకమునుపే ప్రవాహం ఈశాన్యానికి తిరగడాన్ని స్థానిక గాలి ఒక్కటే వివరించలేదు. సముద్ర శాస్త్రజ్ఞులు డి. శంకర్, ఎస్.ఆర్. శెట్యే, జె.పి. మెక్‌క్రియరీ ప్రభృతుల 1996 నాటి పరిశోధనలు ఈ ప్రవాహాన్ని స్థానిక గాలులతోపాటు, నడి బంగాళాఖాతంపై వీచే గాలులూ, భూమధ్యరేఖ దగ్గరి గాలులూ నడిపిస్తాయని చూపాయి; ఆ రేఖ వెంట పుట్టిన కెల్విన్ తరంగం అనే విశాలమైన అల సుమత్రాను తాకి, తీరాన్ని కుడివైపున ఉంచుకొని అఖాతం అంచు చుట్టి ఆంధ్ర తీరానికి చేరుతుంది.

నేడు మచిలీపట్నం తీరాన ఉన్న రాడార్ రేడియో తరంగాలను సముద్రం మీదికి పంపి, అలల నుంచి తిరిగివచ్చిన వాటి పౌనఃపున్యంలోని మార్పును బట్టి తెలిసే వేగం నుంచి అలల సహజ వేగాన్ని తీసివేసి, మిగిలినదాన్ని ప్రవాహంగా గ్రహిస్తుంది. పద్ధతి మారినా సూత్రం పాతదే: తెలిసినదాన్ని తీసివేయగా మిగిలేదే ప్రవాహం. చేపలవేటకు వెళ్లి దారితప్పిన పడవను వెదకడానికీ, ఒలికిన చమురు ఎటు పోతుందో చెప్పడానికీ ఆ శేషమే ఆధారం. బందరు నీటిని దూరపు గాలులు కూడా నడుపుతున్నందున, ఒకటి రెండు ఏళ్ల కొలతలతో సరిపెట్టక దశాబ్దాల పాటు తెంపు లేకుండా నమోదు చేయడం డెల్టా క్షేమానికి అత్యవసరం.