తాత పాడుచేసిన గేమ్ పెట్టె

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తప్పులుంటే మన్నించండి.

మా అబ్బాయి పాత పీఎస్పీ 3000లో మనవడి కోసం కస్టమ్ ఫర్మ్‌వేర్ ఎక్కించాను. మరునాడు పొద్దున చూస్తే లేదు. "తాతే పాడుచేశాడు" అని వాడు ఒకటే ఏడుపు. కారణం వెతికితే పెద్ద చరిత్రే బయటపడింది.

సోనీ ఈ పెట్టెను 2004 డిసెంబరులో జపాన్‌లో విడుదల చేసింది. తొలి మోడళ్లలో ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు మధ్యలో ఆగిపోతే పెట్టె ఇటుకే. పచ్చ దీపం వెలుగుతుంది, తెర మాత్రం నలుపు. 2007లో దానికి మందు దొరికింది, అదీ బ్యాటరీలో! బ్యాటరీ చిప్‌లోని సీరియల్ నంబరును అన్నీ ఎఫ్‌లుగా మారిస్తే, పెట్టె తాను సర్వీసు సెంటరులో ఉన్నాననుకుని మెమరీ స్టిక్ నుంచి మొదలవుతుంది. ఆఫీసరు పాసు చూసి గేటు తీసినట్టే. దీన్నే పాండోరా బ్యాటరీ అన్నారు.

సోనీ ఊరుకుంటుందా? తర్వాతి బోర్డుల్లో ఆ గేటు మూసేసింది. అందుకే 3000లో 6.60 ప్రో ఎక్కించినా, పూర్తిగా ఆఫ్ చేస్తే పోతుంది. ఫాస్ట్ రికవరీ నడిపితే మళ్లీ వస్తుంది. స్లీప్‌లో పెడితే పోదు.

ఇప్పుడు మనవడే రోజూ ఫాస్ట్ రికవరీ నొక్కుకుంటున్నాడు. నాకింకా సారీ చెప్పలేదు.